పులి-మేక నేర్పే ఆలోచన: 23 చుక్కల పాఠం

2024 ఏప్రిల్ చివర్లో మన శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ గోడ దూకి ఒక చిరుతపులి లోపలికొచ్చిన సంగతి గుర్తుందా? హాస్టల్ వాట్సాప్ గ్రూపులన్నీ అదే వార్తతో నిండిపోయాయి. అటవీశాఖ వాళ్ళు దాని వెంటపడి పరిగెత్తలేదు. అది తిరిగే దారుల్లో ట్రాప్ కెమెరాలు పెట్టారు, బోన్లు పెట్టారు, బోన్లలో మేకల్ని ఎరగా కట్టేశారు. తర్వాత ఓపిగ్గా ఆగారు. మే మొదటి వారంలో చిరుత బోనులో పడింది, అక్కణ్ణుంచి నెహ్రూ జూపార్కుకు పోయింది.

దూకడంలో, వేగంలో, పళ్ళల్లో అన్నిట్లోనూ చిరుతదే పైచేయి. అయినా ఓడింది. ఎందుకంటే అవతలివాళ్ళు ఆలోచించింది దాన్ని ఎలా కొట్టాలని కాదు, దాని దారులు ఎలా తగ్గించాలని. బోర్డు గేములు ఆడేవాళ్ళకు ఇందులో పెద్ద పాఠమే ఉంది. తెలుగువాళ్ళ దగ్గర ఆ పాఠం ఎప్పట్నుంచో ఒక ఆట రూపంలో ఉంది: పులి-మేక. కొన్ని ఊళ్ళల్లో పులిజూదం అంటారు.

ఏ బోర్డు గేమ్‌లోనైనా రెండు రకాల ఆలోచన కావాలి. ఒకటి ఎత్తుగడ: ఇప్పుడు, ఈ రెండు మూడు ఎత్తుల్లో ఏం దొరుకుతుంది, ఏం పోతుంది అనే లెక్క. రెండోది వ్యూహం: కొట్టడానికి ఏమీ లేనప్పుడు కూడా నా పావులు ఎక్కడుంటే పది ఎత్తుల తర్వాత నాకు మేలు అనే ఆలోచన. చెస్‌లో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి కాబట్టి ఏది ఎక్కడ వాడుతున్నామో తెలియదు. పులి-మేకలో అవి విడివిడిగా కనిపిస్తాయి. పులి చెయ్యి ఎత్తుగడ నేర్పుతుంది, మేక చెయ్యి వ్యూహం నేర్పుతుంది. రెండు చేతులా ఆడినవాడికి రెండూ వస్తాయి. ఈ వ్యాసంలో చెప్పదల్చుకున్నది ఇంతే, మిగతాదంతా దాన్ని ఎలా సాధన చేయాలన్నదే.

నేను మొత్తం ఇంగ్లీష్ మీడియంలో చదివినవాణ్ణి. చెస్ ఫోన్‌లో నేర్చుకున్నా. పులి-మేక మాత్రం మా నాయనమ్మ నేర్పింది, శంషాబాద్ పక్క ఊళ్ళో ఇంటి అరుగు మీద సుద్దముక్కతో గీసి, చింతగింజలు మేకలుగా, గులకరాళ్ళు పులులుగా. ఆమె బడికి పోలేదు. మేం బీటెక్‌లో గ్రాఫ్ థియరీ అని చదివేదంతా ఆమె వేళ్ళ చివర ఉంటుంది. ఇప్పటికీ మేకలు ఆమె పడితే పది ఆటల్లో ఏడెనిమిది ఆమెవే. ఆమెకు తెలిసింది ఎక్కడా రాసి లేదు. అరుగులు పోతున్నాయి, ఆడేవాళ్ళు తగ్గుతున్నారు. అందుకే రాస్తున్నా.

ముందు బోర్డు గీసుకోండి

కాగితం మీద పెద్ద త్రిభుజం గీయండి. శిఖరం నుంచి అడుగుగీత దాకా మధ్యలో ఇంకో రెండు గీతలు దించండి. అంటే శిఖరం నుంచి మొత్తం నాలుగు గీతలు దిగుతాయి. వాటికి అడ్డంగా మూడు గీతలు గీయండి, అవి త్రిభుజం దాటి రెండు పక్కలా బయటికి రావాలి. ఎడమ పక్క బయటికొచ్చిన మూడు కొసల్నీ ఒక నిలువు గీతతో కలపండి. కుడి పక్కా అంతే. గీతలు కలిసే చోటల్లా చుక్క పెట్టండి. మొత్తం 23 చుక్కలు రావాలి.

వాటికి నంబర్లు వేద్దాం. శిఖరం 1. మొదటి అడ్డగీత మీద ఎడమ నుంచి కుడికి 2 నుంచి 7. రెండో అడ్డగీత మీద 8 నుంచి 13. మూడో దాని మీద 14 నుంచి 19. అడుగుగీత మీద 20 నుంచి 23. ఈ నంబర్లు కింద చాలాసార్లు వస్తాయి, కాబట్టి కాగితం పక్కనే పెట్టుకోండి.

నియమాలు ఊరూరికీ కొంచెం మారతాయి. మా ఇంటి పద్ధతి ఇది. పులులు మూడు, మేకలు పదిహేను. పులులు 1, 4, 5 చుక్కల్లో మొదలవుతాయి. మేకలవాళ్ళు ముందు ఆడతారు, ఒక్కో వంతుకు ఒక్కో మేకను ఖాళీ చుక్కలో పెడతారు. పదిహేనూ పెట్టేదాకా ఏ మేకా కదలకూడదు. పులి మాత్రం మొదటి నుంచీ గీత వెంట పక్క చుక్కకు కదలొచ్చు. పక్క చుక్కలో మేక ఉండి, అదే గీత మీద దాని అవతలి చుక్క ఖాళీగా ఉంటే, పులి మేక మీంచి దూకి దాన్ని తినేస్తుంది. వంతుకు ఒక్క దూకుడే. ఆరు మేకలు పోతే పులులు గెలిచినట్టు. మూడు పులులకూ కదలడానికి చోటు లేకపోతే మేకలు గెలిచినట్టు.

చుక్కలన్నీ ఒకటి కాదు

బోర్డు గేమ్‌లో మెరుగవ్వాలంటే మొదటి పని పావుల్ని చూడటం కాదు, నేలను చూడటం. ప్రతి చుక్క దగ్గర ఎన్ని గీతలు కలుస్తున్నాయో లెక్కపెట్టండి. శిఖరమూ, లోపలి పన్నెండు చుక్కలూ కలిపి 13 చోట్ల నాలుగేసి గీతలున్నాయి. 8, 13, 21, 22 దగ్గర మూడేసి. మూలలు 2, 7, 14, 19, 20, 23 దగ్గర రెండేసి మాత్రమే. పులి లోపల ఉంటే నాలుగు దారులు, మూలకు పోతే రెండు.

ఇప్పుడు మేక వైపు నుంచి చూడండి. మేకను తినాలంటే దానికి ఒక పక్క పులి, సరిగ్గా ఎదురు పక్క ఖాళీ, రెండూ ఒకే సరళరేఖ మీద ఉండాలి. ఆరు మూలల్లోనూ, శిఖరంలోనూ గీతలు అక్కడికొచ్చి ఆగిపోతాయి, దాటిపోవు. కాబట్టి ఆ ఏడు చుక్కల్లో నిలబడ్డ మేకను ఏ పులీ ఎప్పటికీ తినలేదు. పులికి అంతగా పనికిరాని మూలలే మేకకు కోటలు. చెస్‌లో బోర్డు మధ్యలో ఉన్న గుర్రం ఎనిమిది గళ్ళకు పోగలదు, మూలనున్న గుర్రం రెండింటికే. సూత్రం ఒకటే: చోటు విలువ పావును బట్టి మారుతుంది.

పులి చెయ్యి: ఎత్తుగడ

పులిగా ఆడేటప్పుడు మూడు అలవాట్లు చేసుకోండి.

మొదటిది: ప్రతి వంతులోనూ, మేక దొరుకుతుందని అనిపించినా అనిపించకపోయినా, మూడు పులులకూ ఉన్న కదలికలన్నీ లెక్కపెట్టండి. ఆట మొదట్లో పులులు ఒకదానికొకటి అడ్డం కాబట్టి మూడింటికీ కలిపి ఆరు కదలికలే ఉంటాయి. అవే పులులు ఖాళీ బోర్డు మీద 9, 12, 16 చుక్కలకు విడిపోతే పన్నెండు. ఒక్క మేకనూ తినకుండానే బలం రెట్టింపయింది. వెంటనే తినడానికి ఎగబడేవాడు ఈ సంగతి చూడడు.

రెండోది: ఒక్క మేకను బెదిరించకండి, రెండింటిని ఒకేసారి బెదిరించండి. పులి 10లో ఉందనుకోండి. మేకలు 9లో, 16లో ఉన్నాయి. 8, 21 ఖాళీ. పులి 9 మీంచి 8కి దూకొచ్చు, 16 మీంచి 21కీ దూకొచ్చు. మేకలవాళ్ళకు ఉన్నది ఒక్క వంతు. 8 నింపితే 16 పోతుంది, 21 నింపితే 9 పోతుంది. చెస్‌లో దీన్ని ఫోర్క్ అంటాం. మా నాయనమ్మ "రెండు దిక్కుల దెబ్బ" అంటది. ఆ పేరే నాకు బాగా గుర్తుంటుంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం: ఎత్తు వేశాక బోర్డు మారిపోతుంది. ఆ కొత్త బోర్డును తలలో గీసుకోవాలి. ఒక ఉదాహరణ చూద్దాం. పులి 4లో, మేక 3లో, మూల 2 ఖాళీ. 8లో, 14లో కూడా మేకలున్నాయి. మేకలవాళ్ళు అనుకుంటారు: "3లో మేకను ఎరగా వేద్దాం. పులి తిని మూలకు పోతుంది. అక్కడ బంధిస్తాం." వినడానికి బాగుంది. పులి దూకింది, 2కి వచ్చింది. 8 మీంచి దూకలేదు, ఎందుకంటే అవతల 14లో మేక ఉంది. మరి బంధించారా? లేదు. దూకినప్పుడు రెండు చుక్కలు ఖాళీ అయ్యాయి: చచ్చిన మేక ఉన్న 3, పులి వదిలివచ్చిన 4. ఇప్పుడు 3లో మేక పెడితే పులి దాన్ని కూడా తిని 4కి వెనక్కి పోతుంది. 4లో పెడితే 3కి నడిచి బయటపడుతుంది. ఒక్క మేకతో రెండు చుక్కలు నిండవు. అటవీశాఖ బోనుకు తలుపుంది, మన బోర్డుకు లేదు!

ఇక్కడ తేడా వచ్చేది తెలివిలో కాదు. దూకకముందు ఉన్న బొమ్మనే తలలో పెట్టుకుని, దూకిన తర్వాతి ఎత్తు ఆలోచించడంలో. చెస్‌లోనూ ఇదే జరుగుతుంది. కోడింగ్‌లో వేరియబుల్ విలువ మారాక కూడా పాత విలువతోనే చేత్తో ట్రేస్ చేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. అందుకే ప్రతి ఎత్తు తర్వాత నోట్లో అనుకోండి: "ఏది ఖాళీ అయింది? ఏది నిండింది?"

మేక చెయ్యి: వ్యూహం

మా క్లబ్‌లో ఈ ఆట పెట్టినప్పుడల్లా అందరికీ పులులే కావాలి. మేకలంటే ఎవరికీ ఇష్టం లేదు, దేన్నీ తినవు కదా. కానీ పాఠం ఎక్కువ ఉన్నది మేకల దగ్గరే. మొదట్లో ఆమెతో ఆడుతున్నప్పుడు నాయనమ్మ చెప్పిన మాట: "ఏం దొరుకుతదని సూడకు బిడ్డా, యాడ నిలబడాల్నో సూడు."

మేకల వ్యూహాన్ని నాలుగు మెట్లుగా చెప్పొచ్చు.

ఒకటి, చావులేని చోట్లతో మొదలుపెట్టండి. ముందు మూలలు: 2, 7, 14, 19, 20, 23.

రెండు, ఒక్కో మేకా ఇంకో మేకకు కాపలా కావాలి. సూత్రం సులువు: ఒక గీత మీద మేకకు రెండు పక్కల్లో ఏ ఒక్క పక్క మరో మేక నిలబడి ఉన్నా, ఆ గీత మీద దాన్ని తినడం కుదరదు. 2లో మేక ఉంటే 8లోని మేక భద్రం. 20లో ఉంటే 21 భద్రం. అలా ఎడమ గోడ 2, 8, 14, కుడి గోడ 7, 13, 19, అడుగున 20, 21, 22, 23, మొత్తం పది మేకలు చావులేకుండా నిలబడతాయి. ఆ గోడ ఆనుకుని 15, 18, తర్వాత 16, 17, చివరికి 9 కూడా భద్రమే. ఎందుకో మీరే గీతలు చూసి తేల్చుకోండి. అంటే కాగితం మీద పదిహేను మేకల్నీ ఒక్కటి కూడా పోకుండా పెట్టే అమరిక ఉంది. పులులు ఊరుకుంటేనే. ఊరుకోవు. వచ్చి మీ గోడ మధ్యలో కూర్చుంటాయి. అయినా ఆ బొమ్మ మనసులో ఉంటే, ఎంతవరకు కుదిరింది, ఎక్కడ పగిలింది అన్నది ప్రతి వంతులో తెలుస్తుంది. వ్యూహం అంటే అదే: చేరాల్సిన బొమ్మ ముందే తెలిసి ఉండటం.

మూడు, పులిని కొట్టలేరు కాబట్టి దాని దారులు లెక్కపెట్టి తగ్గించండి. 10లో ఉన్న పులిని పూర్తిగా బంధించాలంటే చుట్టూ నాలుగు చుక్కలూ, వాటి అవతల దూకే నాలుగు చుక్కలూ, మొత్తం ఎనిమిది నిండాలి. మూల 2లో ఉన్న పులికి 3, 4, 8, 14, నాలుగు చాలు. సగం ఖర్చు! పులులు మూలలు వదిలేస్తే అవి మీకు కోటలవుతాయి. వచ్చి మూలలో కూర్చుంటే అక్కడే చౌకగా బంధించొచ్చు. రెండు విధాలా మీకు లాభమే. ఇలాంటి పరిస్థితిని తయారుచేయడమే మంచి వ్యూహం.

1950లో క్లాడ్ షానన్ కంప్యూటర్‌తో చెస్ ఆడించడం గురించి రాసిన పేపర్‌లో, ఒక పొజిషన్ ఎంత బాగుందో లెక్కగట్టడానికి పావుల విలువతో పాటు వాటికి ఎన్ని కదలికలు ఉన్నాయన్నది కూడా చేర్చాడు. నాయనమ్మ గులకరాళ్ళ చుట్టూ వేలు తిప్పుతూ "దీనికి రెండు, దీనికి మూడు" అని గొణుక్కునేది ఆ లెక్కే.

నాలుగు, ఓపిక. పదిహేనో మేక పెట్టాక బోర్డు మీద ఖాళీలు అయిదే ఉంటాయి, ఒక్క మేకా పోకపోతే. అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. ఇక వంతు వచ్చినప్పుడల్లా ఏదో ఒక మేక కదలాలి, కదిలిన ప్రతిసారీ వెనక ఒక చుక్క ఖాళీ అవుతుంది. కాబట్టి "ముందుకు పోవచ్చా" అని కాదు, "పోతే వెనక ఎవరికి కాపలా తగ్గుతుంది" అని అడగండి.

మన పులి-మేకకు నేపాల్‌లో ఒక చుట్టం ఉంది, బాఘ్‌చాల్. నాలుగు పులులు, ఇరవై మేకలు, 25 చుక్కలు. దాన్ని కంప్యూటర్‌తో పూర్తిగా లెక్కగట్టి, ఇద్దరూ తప్పు లేకుండా ఆడితే డ్రా అని తేల్చారు. ఏమీ తినలేని మేకలు తినే పులులకు సమానమన్నమాట. మేకలు తీసుకోవడానికి ఇప్పటికీ జంకేవాళ్ళకు ఇది చెప్పండి.

ఇదే సంగతి చెస్‌లో

2024 డిసెంబర్ 12, సింగపూర్. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో చివరిదైన 14వ గేమ్. గుకేశ్‌కు, డింగ్ లిరెన్‌కు చెరి 6.5 పాయింట్లు. నల్లపావులతో ఆడుతున్న గుకేశ్‌కు ఒక్క బంటు ఎక్కువుంది, ఇద్దరికీ ఒక్కో ఏనుగు, ఒక్కో శకటు. చూసేవాళ్ళలో చాలామంది డ్రా అనుకున్నారు. గుకేశ్ మాత్రం ఎత్తు తర్వాత ఎత్తు వేస్తూ ఒత్తిడి వదల్లేదు. ఇది మేక చెయ్యి: ఏమీ దొరకట్లేదు, అయినా చోటు మెరుగుపరుచుకోవడం. 55వ ఎత్తులో డింగ్ ఏనుగును తప్పు గడిలో పెట్టాడు. ఏనుగులు మార్చుకుని, వెంటనే శకటులు కూడా మార్చుకుంటే మిగిలే రాజు-బంట్ల ఆటలో గుకేశ్ గెలుస్తాడు. ఇది పులి చెయ్యి: క్షణంలో చూడాలి, రెండు మార్పిడుల తర్వాతి బోర్డును తలలో గీసుకోవాలి. 7.5-6.5తో, 18 ఏళ్ళకే గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

ఆ విజయం వెనక మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ ఉన్నాడు, గుకేశ్‌కు తయారీలో సాయం చేసిన బృందంలో. బోర్డు దగ్గర ఆయన కనపడలేదు. కనపడకుండా చోట్లు సిద్ధం చేసే పని, అది కూడా మేకల పనే.

అదే నెల న్యూయార్క్‌లో కోనేరు హంపి మహిళల ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ రెండోసారి గెలిచింది. మొదటిసారి 2019లో. ఈసారి మొదటి రౌండే ఓడి, 11 రౌండ్లలో 8.5 పాయింట్లతో పైకొచ్చింది. ఒక మేక పోయినంత మాత్రాన గోడ కూలదు.

గుర్తుంచుకోవడం ఎలా

"వాళ్ళకు మెమరీ ఎక్కువ బ్రో" అంటుంటారు కదా. 1973లో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ దీన్ని పరీక్షించారు. నిజమైన ఆటలోంచి తీసుకున్న పొజిషన్‌ను కొన్ని సెకన్లు చూపించి, మళ్ళీ పేర్చమన్నారు. మాస్టర్ చాలా పావులు సరిగ్గా పెట్టాడు, కొత్తవాడు కొన్నే. అవే పావుల్ని అడ్డదిడ్డంగా పేర్చి చూపిస్తే మాస్టర్‌కు ఉన్న ఆధిక్యం దాదాపు పోయింది. అంటే వాళ్ళ దగ్గర ఉన్నది పెద్ద మెమరీ కాదు, అర్థమున్న ముక్కలు. మనం "క", "మ", "ల" అని కాకుండా "కమల" అని చదివినట్టు.

ఆ మధ్య నాయనమ్మకు కంటి శుక్లాల ఆపరేషన్ అయింది. కొన్నాళ్ళు వంగొద్దన్నారు. అరుగు మీద బోర్డు చూడాలంటే వంగాల్సిందే. ఆమె మంచం మీదే కూర్చుని, "ఎడమ గోడ నిండిందా? అయితే దాని పక్కన పెట్టు" అని చెప్తూ ఆట మొత్తం ఆడింది. ఆమె గుర్తుపెట్టుకున్నది పదిహేను మేకల్ని కాదు. ఒక గోడ, ఒక మూల, ఒక సందు. ముక్కలు మూడే.

రోజూ అరగంట సాధన

1. పది నిమిషాలు పులిగా. చెస్ ఆడేవాళ్ళయితే పజిల్స్. జవాబు మొత్తం నోట్‌బుక్‌లో రాశాకే పావు ముట్టుకోండి. ఊహించి నొక్కడం సాధన కాదు.

2. పదిహేను నిమిషాలు మేకగా. ప్రతి వంతులో పులుల కదలికల సంఖ్య రాయండి. ఆట ముగిశాక ఆ సంఖ్యలు చూడండి. ఎక్కడ ఒక్కసారిగా పెరిగాయో అక్కడే గోడ పగిలింది.

3. అయిదు నిమిషాలు బోర్డు లేకుండా. ఆడిన ఆటను నంబర్లతో చెప్పుకోండి. ఎక్కడ ఆగిపోతే అక్కడి ముక్క ఇంకా మీది కాలేదు.

ఇంకో మాట. చెస్ యాప్‌లో పక్కన ఇంజిన్ చూపించే పట్టీ ఉంటుంది చూడండి, తెలుపు ఎంత, నలుపు ఎంత అని. ఆట అయిపోయాక, మీ అభిప్రాయం మీరు రాసుకున్నాకే దాన్ని తెరవండి. ముందే చూస్తే ఎవరు బాగున్నారో తెలుస్తుంది, ఎందుకు బాగున్నారో తెలియదు. పులి-మేకకు అలాంటి పట్టీ లేదు. నాకైతే అది దాని అదృష్టం అనిపిస్తుంది.

మీకు మూడు లెక్కలు

కాగితం తీసి చేయండి. జవాబులు కిందే ఉన్నాయి, ముందే చూడకండి.

లెక్క 1: ఒక పులి 2లో, ఇంకో పులి 14లో. ఈ రెండింటినీ బంధించడానికి కనీసం ఎన్ని మేకలు కావాలి?

లెక్క 2: మూడు పులులూ 2, 8, 14లో ఒకే గోడకు ఆనుకుని ఉన్నాయి. ఎన్ని మేకలతో ఆట ముగించొచ్చు?

లెక్క 3: 8 దగ్గరా, 21 దగ్గరా మూడేసి గీతలే. ఒంటరి పులిని బంధించడానికి రెండు చోట్లా ఒకే సంఖ్య మేకలు చాలా?

జవాబులు. మొదటిది అయిదు: 3, 4, 8, 15, 16. విడివిడిగా అయితే నాలుగు, నాలుగు ఎనిమిది కావాలి. కానీ 8లోని మేక ఇద్దరికీ అడ్డం, పైగా ఒక పులి ఇంకో పులి దూకే చోటును తనే ఆక్రమించింది. రెండోది ఆరు: 3, 4, 9, 10, 15, 16. పదిహేను మేకలకు భయపడాల్సిన పులులు ఒకే గోడకు చేరితే ఆరింటికే చిక్కుతాయి. మూడోది చాలదు. 8కి నాలుగు: 2, 14, 9, 10. 21కి అయిదు: 16, 10, 20, 22, 23. పక్క గోడలో మూడే చుక్కలు, అడుగుగీతలో నాలుగు. ఆ ఒక్క చుక్క తేడా.

మూడూ సరిగ్గా వచ్చినవాళ్ళు క్లబ్ రూమ్‌కు రండి. చింతగింజలు నా దగ్గరున్నాయి. మేకలు మీవి.